హాజరు పట్టీకి అందని చదువు: నిరంతర వృత్తి వికాసం, కొత్త సాధనాలు (ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఈ మందిరంలో ఉపాధ్యాయులు ఉన్నారు, వైద్యులు, నర్సులు ఉన్నారు, ఇంజనీర్లు, న్యాయవాదులు, అకౌంటెంట్లు ఉన్నారు. వృత్తులు వేరైనా మనందరికీ ఒక అనుభవం ఉమ్మడిగా ఉంది. ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా మనమందరం ఏటేటా ఏదో ఒక శిక్షణకు వెళ్తూనే ఉన్నాం. దీన్నే నిరంతర వృత్తి వికాసం అంటున్నాం. అందుకని మొదట మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. సమాధానం నాకు చెప్పనక్కర్లేదు, మనసులోనే చెప్పుకోండి. మీరు చివరిసారి హాజరైన శిక్షణ ఏది? సరే, అది గుర్తుకు వచ్చిందనుకుందాం. ఆ శిక్షణ ముగించుకుని పనిలోకి వెళ్లాక, అంతకు ముందు ఒక తీరుగా చేస్తూ వచ్చిన పనిని మరో తీరుగా చేసిన సందర్భం ఒక్కటి చెప్పగలరా?

ఇది మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి అడిగిన ప్రశ్న కాదు. చాలా ఏళ్లుగా శిక్షణ తరగతులు నిర్వహిస్తూ వచ్చిన మనిషిని నేను. ఈ ప్రశ్న ముందుగా నన్ను నేను వేసుకున్నాను. దానికి సంతృప్తికరమైన సమాధానం దొరకకపోవడం వల్లనే ఈ రోజు మీ ముందు ఈ మాటలు మాట్లాడుతున్నాను.

మనం శిక్షణను గంటలతో కొలుస్తాం. ఏడాదికి ఇన్ని గంటలు, మూడేళ్లకు ఇన్ని గంటలు అని నియమం ఉంటుంది. గంటలే ఎందుకు? లెక్కపెట్టడానికి వీలుగా ఉంటాయి కాబట్టి. నేర్చుకోవడం కంటికి కనిపించదు, కూర్చోవడం కనిపిస్తుంది. హాజరు పట్టీలో సంతకం పెట్టించవచ్చు, సర్టిఫికెట్ మీద అంకె వేయవచ్చు, పై అధికారికి నివేదిక పంపవచ్చు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అయితే కొలవడానికి సులువుగా ఉన్నదాన్ని కొలుస్తూ కొలుస్తూ, అసలు కొలవవలసినది వేరే ఉందన్న సంగతిని మరిచిపోయాం.

దీనికి విరుగుడు వెతికినవారు లేకపోలేదు. ఇంగ్లాండ్, వేల్స్‌లలో సొలిసిటర్లుగా పనిచేసే న్యాయవాదులకు ఏడాదికి 16 గంటల శిక్షణ తప్పనిసరి అనే నియమం ఉండేది. 2016 నవంబరులో వారి నియంత్రణ సంస్థ ఆ గంటల లెక్కను పూర్తిగా తీసివేసింది. దాని స్థానంలో ఇప్పుడు అడుగుతున్నది ఏమిటంటే, మీ పని ఎలా సాగుతోందో పరిశీలించుకున్నారా, అందులో మీకు నేర్చుకోవలసినది ఏమిటో గుర్తించారా, గుర్తించినదాన్ని నేర్చుకున్నారా అని. గమనించండి, ఈ మూడు ప్రశ్నల్లోనూ గంట అనే మాట లేదు, పని అనే మాటే మొదట వచ్చింది.

ఇక్కడినుంచి నేను ఇచ్చే ఉదాహరణలు ఎక్కువగా వైద్యరంగానివే ఉంటాయి. తక్కిన వృత్తులవారు అన్యథా భావించవద్దు. శిక్షణ తర్వాత పని మారిందా లేదా అన్నది వైద్యంలో మిగతా వృత్తులకంటే శ్రద్ధగా కొలిచారు, అందుకే అక్కడికి వెళ్లవలసి వస్తోంది. 1999లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వెలువడిన సమీక్ష, వైద్యుల నిరంతర విద్యపై జరిగిన 14 నియంత్రిత ప్రయోగాలను కలిపి చూసింది. వేదిక మీద ఒకరు చెప్పుకుంటూ పోతే మిగతావారు వింటూ కూర్చునే తరగతుల వల్ల వైద్యుల పనితీరు మారినట్లు ఆధారం కనిపించలేదు. పాల్గొనేవారు తాము కూడా చేసి చూసే అవకాశం, చర్చించే అవకాశం ఉన్న తరగతుల్లో మార్పు కనిపించింది. ఆలోచించండి, 1999 నాటికే ఈ సంగతి మనకు తెలుసు. అయినా ఆ తర్వాత సాంకేతికత చేతికి వచ్చినప్పుడు మనం చేసిన మొదటి పని ఏమిటి? ఆ వింటూ కూర్చునే తరగతినే వీడియోగా మార్చడం.

నేనూ ఆ పని చేశాను. మూడు రోజుల తరగతిని ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ వీడియోగా తీసి, ప్రతి వీడియో చివర ఐదు ప్రశ్నల క్విజ్ పెట్టి, ఆన్‌లైన్‌లో ఉంచాం. ప్రయాణపు ఖర్చు తగ్గింది, భోజన ఏర్పాట్లు లేవు, వందమందికి బదులు వేలమంది చేరారు. పూర్తిచేసినవారి సంఖ్య చూసి సంతోషించాం. కొన్ని నెలల తర్వాత పాల్గొన్నవారిలో కొందరితో తీరిగ్గా కూర్చుని మాట్లాడాను. ఒకావిడ చాలా నిజాయితీగా చెప్పారు: "సార్, వీడియో ఒక పక్కన నడుస్తూ ఉండేది, నేను రేపటి పనికి కావలసిన కాగితాలు సిద్ధం చేసుకునేదాన్ని. క్విజ్ వచ్చినప్పుడు మాత్రం చూసేదాన్ని. తప్పయితే మళ్లీ రాయనిస్తుంది కదా." ఆవిడ బద్ధకస్తురాలు కాదు. పని భారం మోస్తున్న, బాధ్యత తెలిసిన మనిషి. ఆవిడకు కావలసినది మేము ఇవ్వలేదు. మాకు కావలసిన అంకెను మాత్రం ఆవిడ మాకిచ్చింది. ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

ఇందులో సాంకేతికత పాత్ర కూడా చెప్పుకోవాలి. 2000వ సంవత్సరంలో స్కార్మ్ అనే ప్రమాణం వచ్చింది. ఆన్‌లైన్ పాఠాలు ఒక వేదిక నుంచి మరో వేదికకు మారినా పనిచేయడానికి ఉద్దేశించిన ప్రమాణం అది, ఆ మేరకు ఎంతో మేలు చేసింది. అయితే ఆ ప్రమాణం ప్రధానంగా ఏం నమోదు చేస్తుంది? పాఠం పూర్తయిందా లేదా, ఎన్ని మార్కులు వచ్చాయి, ఎంతసేపు తెరిచి ఉంది. అంటే పాత హాజరు పట్టీ కంప్యూటర్ లోపలికి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత పెద్ద పెద్ద ఆన్‌లైన్ కోర్సుల కాలం వచ్చింది. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కృత్రిమ మేధపై ఉచితంగా అందించిన కోర్సులో సుమారు 1,60,000 మంది చేరారు. ప్రపంచం ఆశ్చర్యపోయింది. కానీ అటువంటి కోర్సుల్లో చేరినవారిలో చివరిదాకా నిలిచేవారు చాలా తక్కువ శాతమేనని త్వరలోనే తెలిసింది.

రిచర్డ్ క్లార్క్ అనే విద్యా పరిశోధకుడు 1983లోనే ఒక పోలిక చెప్పారు. సరుకులు మోసుకొచ్చే బండి మారినంత మాత్రాన మన ఆహారంలోని పోషకాలు మారవు, బోధనను మోసుకొచ్చే మాధ్యమం కూడా అలాంటిదే అన్నారు. ఈ మాటను అందరూ ఒప్పుకోలేదు, దానిమీద చాలా ఏళ్లు వాదోపవాదాలు జరిగాయి. నేను కూడా పూర్తిగా ఒప్పుకోను. బండి లేకపోతే చేరనేచేరని చోట్లు కొన్ని ఉంటాయి, కొన్ని రకాల సరుకు కొన్ని బండ్లలోనే వస్తుంది. అయితే ఆయన అడగమన్న ప్రశ్న మాత్రం సరైనది. ఈ సాధనం వచ్చాక, ఇంతకు ముందు చేయలేని ఏ పని చేయగలుగుతున్నాం? ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మొదట మరుపు సంగతి చూద్దాం. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షర సమూహాలను తానే బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నదీ తన మీద తానే కొలుచుకుని 1885లో ప్రకటించారు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో చాలా వేగంగా జరుగుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. 2015లో ఇతర పరిశోధకులు అదే పద్ధతిలో మళ్లీ చేసి చూస్తే దాదాపు అదే ఫలితం వచ్చింది. మరి మూడు రోజులు ఏకబిగిన పాఠాలు చెప్పి, నాలుగో రోజునుంచి ఏడాదిదాకా పలకరించని మన పద్ధతి ఈ సంగతికి పూర్తిగా ఎదురీదుతోంది కదా?

దీనికి తోడు మరొక సంగతి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చి, కొందరిచేత రెండోసారి చదివించారు, కొందరిని మాత్రం మళ్లీ చదవకుండా గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తుంది. వారం తర్వాత పరీక్షిస్తే లెక్క తలకిందులైంది. చదివినవారికి 42 శాతం, గుర్తుచేసుకుని రాసినవారికి 56 శాతం. శిక్షణ ముగిసిన సాయంత్రం మనం పంచే అభిప్రాయ పత్రాల్లో అందరూ 'చాలా బాగుంది' అని ఎందుకు రాస్తారో, వారం తర్వాత ఏమీ ఎందుకు మిగలదో ఈ అంకెలు కొంత చెబుతున్నాయి. విన్న వెంటనే వచ్చినట్లే అనిపించడం ఒకటి, వచ్చి నిలవడం మరొకటి.

ఇక్కడ సాంకేతికత నిజంగా కొత్త పని చేయగలదు. ఒక వ్యక్తి వెంట ఏడాది పొడుగునా ఉండి, సమయం చూసి ఒక్కొక్క ప్రశ్న అడుగుతూ, తడబడినచోటికి మళ్లీ తీసుకువెళ్లడం ఏ శిక్షకుడికీ వందలమంది విషయంలో సాధ్యం కాదు, ఫోన్‌కు సాధ్యం. అమెరికాలో శస్త్రచికిత్సలకు మత్తుమందు ఇచ్చే వైద్యనిపుణుల అర్హతను ధ్రువీకరించే బోర్డు ఇలాగే చేసింది. పదేళ్లకోసారి పెట్టే పెద్ద పరీక్షకు బదులు, 2014లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2016 నుంచి పూర్తి స్థాయిలో, ప్రతి మూడు నెలలకు 30 చొప్పున ఏడాదికి 120 ప్రశ్నలు పంపుతోంది. ప్రశ్నకు ఒక నిమిషం. జవాబివ్వగానే సరైనది ఏది, ఎందుకు సరైనది అన్న వివరణ వస్తుంది. ప్రశ్న ఇక్కడ మనిషిని దోషిగా నిలబెట్టడానికి రావడం లేదు, నేర్పడానికి వస్తోంది. మన వృత్తుల్లో పరీక్ష అంటే ఉన్న భయం పోవాలంటే ఇటువంటి మార్పు రావాలని నా నమ్మకం.

అయితే వృత్తిలో మనం చేసే పని జ్ఞాపకంతో తీరిపోయేది కాదు. మీలో ఎవరైనా సరే, మొన్న మిమ్మల్ని కలవరపెట్టిన సమస్యను గుర్తు చేసుకోండి. అది పాఠ్యపుస్తకంలో ఉన్నట్లు ఉండదు. రెండు మూడు చిక్కులు కలిసి ఉంటాయి. అటువంటప్పుడు మనకు కావలసింది కోర్సు కాదు, అదే చిక్కును మనకంటే ఎక్కువసార్లు చూసిన ఒక మనిషి, మనలాగే తలపట్టుకున్న మరో నలుగురు. వారిని మన ముందుకు తెచ్చిన ఒక ప్రయత్నం గురించి కాస్త వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే నా ఆలోచనను అన్నింటికంటే ఎక్కువగా మార్చింది అదే.

అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో సంజీవ్ అరోరా అనే కాలేయ వైద్యనిపుణుడు ఉన్నారు. హెపటైటిస్ సి వ్యాధి ఉన్నవారు ఆయన క్లినిక్‌లో చూపించుకోవాలంటే నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. దూరప్రాంతాలవారు గంటల కొద్దీ ప్రయాణం చేసి రావాలి. ఆనాటి మందులు చాలా కఠినమైనవి, దుష్ప్రభావాలు ఎక్కువ, అందువల్ల స్థానిక వైద్యులు ఆ చికిత్స జోలికి వెళ్లడానికి జంకేవారు. మామూలుగా అయితే మనం ఏం చేస్తాం? ఆ వైద్యులందరికీ మూడు రోజుల శిక్షణ పెడతాం. ఆయన అలా చేయలేదు. 2003లో ఎకో ప్రాజెక్టు అనే పేరుతో, వారానికోసారి వీడియో సమావేశం మొదలుపెట్టారు. స్థానిక వైద్యుడు తన దగ్గరకు వచ్చిన ఒక రోగి వివరాలు, పేరు చెప్పకుండా, అందరి ముందు ఉంచుతారు. నిపుణుల బృందం ప్రశ్నలు అడుగుతుంది, మిగతా ఊళ్ల వైద్యులు తమ అనుభవం చెబుతారు, అందరూ కలిసి ఒక దారి సూచిస్తారు. మధ్యలో ఒక చిన్న పాఠం ఉంటుంది. రోగి మాత్రం ఆ స్థానిక వైద్యుడి చేతిలోనే ఉంటారు, చికిత్స చేసేది ఆ వైద్యుడే. మళ్లీ వారం వచ్చి ఏమైందో చెబుతారు.

ఫలితం ఏమిటి? 2011లో ప్రకటించిన అధ్యయనంలో 407 మంది రోగులను పరిశీలించారు. విశ్వవిద్యాలయ క్లినిక్‌లో నిపుణులు చూసినవారిలో 57.5 శాతం మందికి వైరస్ పోయింది. 16 స్థానిక ఆరోగ్య కేంద్రాల్లోనూ 5 జైళ్లలోనూ మామూలు వైద్యులు చూసినవారిలో 58.2 శాతం మందికి పోయింది. అంటే ఆ వైద్యులు ఆ పనిలో నిపుణులకు సమానమయ్యారు. ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఎందుకంటే ఇక్కడ కొలిచింది ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారని కాదు. రోగికి నయమైందా అని కొలిచారు.

అందులో వాడిన సాంకేతికత ఎంత సాధారణమైనదో చూడండి. ఒక వీడియో సమావేశం, రోగుల వివరాలు నమోదు చేసే ఒక పద్ధతి, అంతే. మన దగ్గర ఇప్పుడు అంతకు పదింతల సాధనాలు ఉన్నాయి. లేనిది ఆ అమరిక. మనవాళ్ల పనిలోని చిక్కును నడుమ పెట్టి, దాని చుట్టూ మనుషులను కూర్చోబెట్టే అమరిక. ఇది వైద్యులకే చెల్లుతుందని అనుకోవద్దు. తరగతి గదిలో లెక్క అర్థంకాని పిల్లవాడి నోటుపుస్తకం, కూలిన గోడ ఫొటో, కోర్టులో వీగిపోయిన పత్రం, ఇవన్నీ అలా నడుమ పెట్టదగిన చిక్కులే.

చేతితో చేసే నైపుణ్యాల గురించి ఎక్కువ చెప్పను, అక్కడ వాదనే లేదు. గట్టున కూర్చుని ఎవరూ ఈత నేర్వలేదు. విమాన చోదకులకు 1929 నుంచే నేలమీది శిక్షణ యంత్రాలు ఉన్నాయి. 2002లో 16 మంది శస్త్రచికిత్స శిక్షణార్థులతో చేసిన ప్రయోగంలో, సిమ్యులేటర్ మీద సాధన చేసినవారు పిత్తాశయాన్ని వేరుచేసే పనిని 29 శాతం వేగంగా, చాలా తక్కువ పొరపాట్లతో చేశారు. ప్రాణం మీదికి రాకుండా తప్పు చేసి దిద్దుకునే చోటు కల్పించడం సాంకేతికత ఇచ్చిన వరం. ఖర్చు ఒక్కటే ఇక్కడ అడ్డంకి.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయానికి వస్తాను. ఎవరికి ఏం కావాలో వాళ్లకే వదిలేద్దాం, పెద్దవాళ్లు కదా, తమకు కావలసినది తామే ఎంచుకుంటారు అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. 2006లో వెలువడిన ఒక సమీక్ష, వైద్యులు తమ గురించి తాము వేసుకున్న అంచనాలను బయటినుంచి కొలిచిన ఫలితాలతో పోల్చింది. 20 పోలికల్లో 13 చోట్ల రెండింటికీ సంబంధం లేదు, లేదా చాలా తక్కువ, లేదా ఎదురుగా ఉంది. నైపుణ్యం తక్కువగా ఉండి ధీమా ఎక్కువగా ఉన్నవారి అంచనాలే మరీ తప్పు. వైద్యులొక్కరే ఇలా ఉంటారని నేను అనుకోను. మనకు ఇష్టమైనదాన్నే, ఇప్పటికే కొంత తెలిసినదాన్నే మళ్లీ నేర్చుకోవడానికి వెళ్తాం. తెలియనిది తెలియదన్న సంగతి మనకు ఎవరో చూపించాలి.

పని జాడలు ఇప్పుడు యంత్రాల్లో నమోదవుతున్నాయి కనుక ఆ చూపించే పని సాధ్యమైంది. కానీ ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. ఆ నమోదులను నాకు అద్దంగా ఇస్తే నేర్చుకుంటాను. అవే నమోదులను నా పై అధికారికి ఇస్తే దాక్కుంటాను. మీరైనా అంతే కదా? 1996లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ, పనితీరు గురించి చెప్పడం వల్ల సగటున మేలు జరిగినా, మూడోవంతుకు పైగా సందర్భాల్లో పనితీరు ఇంకా తగ్గిందని చూపించింది. చెప్పిన మాట పని మీదినుంచి మనిషి మీదికి మళ్లినకొద్దీ మేలు తగ్గుతుందని ఆ పరిశోధకులు వివరించారు. కాబట్టి ఈ వివరాలు ముందుగా ఆ వ్యక్తికే చెందాలి, ఎవరితో పంచుకోవాలో ఆ వ్యక్తే నిర్ణయించాలి. ఈ విషయంలో రాజీ పడితే మిగతా ఏర్పాట్లన్నీ వృథా అవుతాయని నా గట్టి అభిప్రాయం.

మరి కృత్రిమ మేధ సంగతి? అడుగుతారని తెలుసు. ఓపికగల తోటి చదువరిలా అది ఏ వేళనైనా మన ప్రశ్నకు బదులిస్తుంది, దాన్ని వద్దనడం నా ఉద్దేశం కాదు. అయితే 2025లో పోలండ్‌లోని నాలుగు కేంద్రాల నుంచి వచ్చిన ఒక అధ్యయనం మనల్ని ఆపి ఆలోచింపజేయాలి. పెద్దపేగు పరీక్షలో ముందుముందు క్యాన్సర్‌గా మారగల కణితులను గుర్తించడానికి అక్కడ కృత్రిమ మేధ సాయం ప్రవేశపెట్టారు. ఆ సాయం లేకుండా చేసిన పరీక్షలను మాత్రమే వేరుగా తీసి చూస్తే, అది రాకముందు 28.4 శాతం పరీక్షల్లో కణితులు కనిపించగా, అది వచ్చాక 22.4 శాతంలోనే కనిపించాయి. వారు కొత్తవారు కాదు, ఒక్కొక్కరూ 2,000కు పైగా పరీక్షలు చేసిన అనుభవజ్ఞులు. ఇది పరిశీలన మాత్రమే, దీనితోనే అంతా తేల్చలేం. అయినా, చూసిపెట్టే సాధనం పక్కన ఉన్నప్పుడు మన చూపు మందగిస్తుందేమోనన్న అనుమానానికి ఇంత గట్టి ఆధారం ఇంతకు ముందు లేదు.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. ఇంతకాలం నిరంతర వృత్తి వికాసం అంటే కొత్తది నేర్పడం అనుకున్నాం. ఇకమీదట, చేతిలో ఉన్న నైపుణ్యాన్ని జారిపోకుండా కాపాడటం కూడా దాని బాధ్యతే అవుతుంది. సాధనం లేకుండా అప్పుడప్పుడు పని చేసి చూసుకోవడం, ముందు మన నిర్ణయం రాసుకుని ఆ తర్వాతే యంత్రం చెప్పింది చూడటం, రెండూ వేరైనప్పుడు ఎందుకు వేరయ్యాయో తోటివారితో మాట్లాడుకోవడం, ఇవన్నీ శిక్షణలో భాగం కావాలి.

ఒక చివరి విషయం, ఇది సంస్థల నిర్వాహకులను ఉద్దేశించి. ఆన్‌లైన్ వచ్చాక శిక్షణ పని వేళల్లోంచి జారి ఇంటికి చేరింది. 'ఎప్పుడైనా చేసుకోవచ్చు' అన్న సౌకర్యం, ఆచరణలో 'రాత్రి పదకొండు గంటలకు చేసుకోండి' అయింది. పిల్లలను చూసుకునేవారికి, ముఖ్యంగా మహిళలకు, ఇది ఎంత భారమో నేను కళ్లారా చూశాను. ఎకో సమావేశాలను మనం ఆదర్శంగా తీసుకోదలిస్తే, వారానికి ఒక గంట పని వేళల్లోనే, జీతంతో, ఇతర పనులు అప్పగించకుండా ఇవ్వాలి. గంటల లెక్క వద్దని ఇంతసేపు చెప్పి ఇప్పుడు గంట అడుగుతున్నానని అనుకోవద్దు. ఆ గంట నేర్చుకున్నదానికి కొలత కాదు, నేర్చుకోవడానికి కావలసిన చోటు.

మా సంస్థలో వచ్చే ఏడాది రెండు శిక్షణ తరగతులను రద్దుచేసి, వాటి ఖర్చుతో ఇటువంటి వారపు సమావేశం ఒకటి మొదలుపెడుతున్నాం. పన్నెండుమంది ముందుకు వచ్చారు. ప్రతి ఒక్కరూ తాము పరిష్కరించలేకపోయిన ఒక సమస్యతో రావాలన్నదే నియమం. ఆరు నెలల తర్వాత ఆ సమస్యలు ఏమయ్యాయో అడుగుతాం. మీ వృత్తుల్లో అలా నడుమ పెట్టవలసిన చిక్కులు ఏమున్నాయో వినాలని నాకు ఆత్రంగా ఉంది, ఇక మిగిలిన సమయం మీది.